తలసామాను పెట్టె: ఒక స్టోర్‌కీపరు మాట

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



“విశ్రాంత జీవితంలో నా వ్యాపకం” అనే అంశంమీద నలుగురు సభ్యులు తలా పదిహేను నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శిగారు ఆదేశించారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు ఒకరు యోగాసనాల గురించి, ఒకరు కాశీయాత్ర గురించి చెప్పారు. నేను చెప్పబోయేది జడబిళ్ళల గురించి. నవ్వండి, ఫరవాలేదు. 31 ఏళ్ళు ప్రభుత్వ స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు మనవరాలి తలపిన్నులు లెక్కపెడుతున్నాడని మా వీధివాళ్ళు ఇప్పటికే నవ్వీ నవ్వీ అలసిపోయారు.

మా మనవరాలికి పదేళ్ళు. ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. కనుక పిల్లను క్లాసుకు తీసుకెళ్ళడం, తీసుకురావడం, ప్రోగ్రాం ఉన్నరోజు తల దువ్వి ముస్తాబు చేయించడం మా దంపతుల వంతు. ఇక్కడ కూర్చున్నవారిలో డాన్సు నేర్చుకునే మనవరాలున్నవాళ్ళు చేతులెత్తండి అంటే సగం చేతులు లేస్తాయని నాకు తెలుసు. మిగతా సగం చేతులు సంగీతం క్లాసు దగ్గర బెంచీమీద ఉంటాయి.

జడ వెయ్యడం మా ఇంటావిడ పని. జడకు కావలసిన సరంజామా భద్రం చెయ్యడం నా పని. మగవాడికి ఈ గొడవెందుకని ఒక పెద్దాయన నన్ను సూటిగానే అడిగారు. ఆయనకు నేనన్నది ఇదీ: “అయ్యా, కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి మనకు ఎంతో దూరం లేదు. ఆ ఊళ్ళో ఈ నాట్యాన్ని తరాలతరబడి మోసింది మగవాళ్ళే. సత్యభామ వేషం కట్టిందీ వాళ్ళే, సవరం పెట్టి జడ వేసుకున్నదీ వాళ్ళే. భామాకలాపంలో సత్యభామ రంగంమీదికి వచ్చేముందు తెరమీదుగా జడ బయటికి వేసే ఆనవాయితీ ఉంది. నాతో పోటీకి ఎవరైనా ఉన్నారా అని సవాలు చెయ్యడమని దానికి అర్థం చెబుతారు. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మగారు 2012లో కాలం చేసేవరకూ సత్యభామ అంటే ఆయనే గుర్తొచ్చేవారు. అంత పెద్ద కళాకారుడికి లేని మొహమాటం నాకెందుకు?” ఆయన మళ్ళీ మాట్లాడలేదు. పైగా మొన్న సంక్రాంతికి తమ మనవరాలి చంద్రవంక కొక్కెం ఊడిందని మా ఇంటికే పట్టుకొచ్చారు.

ముందు సరుకేమిటో చెప్పాలి. నాట్యం చేసే పిల్ల తలమీదికి ఎక్కే వస్తువులన్నిటినీ కలిపి తలసామాను అంటారు. నుదుటిమీద పాపిటబిళ్ళ, దాని రెండుపక్కలా జుట్టు అంచు వెంబడి పోయే సరాలు. పాపిటకు కుడివైపు సూర్యవంక, ఎడమవైపు చంద్రవంక. తల వెనక రాగిడి. జడ మొదట్లో నాగరం, అక్కణ్ణుంచి జడ పొడుగునా బిళ్ళలు, చివర కుచ్చులు. చెవి బుట్టల బరువు మొయ్యడానికి జుట్టులోకి తగిలించే మాటీలు రెండు. ఇవి కనబడేవి. కనబడకుండా పనిచేసేవి ఇంకా ఎక్కువ: సవరం, నల్లదారం, వల, నల్ల క్లిప్పులు, యూ పిన్నులు, పిన్నీసులు. ఆపైన కనకాంబరాలు, మల్లెలు. అసలు పూలో, గుడ్డపూలో. మా ఇంటి లెక్క ప్రకారం కనబడే నగలు 9, కనబడని సామాను 70 పైచిలుకు. ఇన్ని వస్తువుల్ని ఒక ప్లాస్టిక్ సంచిలో గుమ్మరించి, ప్రోగ్రాంనాడు మంచంమీద బోర్లించి వెదుక్కునే ఇళ్ళు నేను చాలా చూశాను. సూర్యుడి గొలుసు చంద్రుడి కొక్కేనికి చిక్కుకుని, ఆ రెంటినీ సవరం చుట్టేసుకుని, ఆ ముడి విప్పేసరికి పిల్ల ఏడుపుముఖం పెట్టి, తల్లి కేకలేస్తూ, గుమ్మంలో ఆటోవాడు హారన్ కొడుతూ ఉంటాడు. ఆ స్థితిలో రంగస్థలం ఎక్కిన పిల్ల మొదటి జతి సరిగ్గా వెయ్యగలదా?

ఇక ఈ నగల స్వభావం. స్టోర్సులో మాకు మొదట నేర్పేది అదే. సరుకు దేనితో తయారైందో తెలియకుండా దాన్ని ఏ అరలో పెట్టాలో తెలియదు. సిమెంటును పెట్టినచోట ఇనుమును పెట్టవచ్చు గాని, ఇనుమును పెట్టినచోట సిమెంటును పెట్టలేం. నాట్యం నగల్లో ఎర్రగా మెరిసేవాటిని కెంపులంటాం గాని మన పిల్లలు పెట్టుకునేవి చాలావరకు గాజురాళ్ళు. మెరుపు కోసం రాయి వెనక పల్చటి రేకు ఉంటుంది. పాత పద్ధతిలో చేసినవాటికి లోపల లక్క ఉంటుంది. తమిళనాడులో నాగర్‌కోయిల్ దగ్గర వడశేరి ఈ పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి నగలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడివైనా, బజారులో దొరికే చవకరకమైనా, ఈ నగలకు శత్రువులు రెండు: తడి, వేడి. తడి రాయి చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి పోతే రేకు నల్లబడుతుంది. ఆ తరువాత ఎంత తుడిచినా రాయి గుడ్డిదీపంలాగే ఉంటుంది. వేడికి లక్క మెత్తబడి రాయి జారుతుంది. అందుకని మేనెలలో ఈ పెట్టెను కారు డిక్కీలో వదలడం, రేకుల కప్పు కింద అటకెక్కించడం తగదు.

మా తరం ఆడవాళ్ళకు నగ మాసిందంటే కుంకుడురసం, చింతపండు గుర్తొస్తాయి. బంగారానికి కుంకుడురసం, ఇత్తడి చెంబుకు చింతపండు బాగానే ఉంటాయి గాని ఇక్కడ రెండూ పనికిరావు. పూత పోతుంది, లోపలికి నీరు దిగుతుంది. ప్రోగ్రాం కాగానే పొడి మల్లుగుడ్డతో చెమట తుడిచి, రాత్రంతా ఫాను గాలికి ఆరబెట్టి, మర్నాడు చుట్టిపెట్టడమే మేం చేసేది. సందుల్లో పౌడరు పేరుకుంటే మెత్తటి పొడి బ్రష్షు. అత్తరు, తలకు కొట్టే స్ప్రే ఏదైనా నగ పెట్టకముందే కొట్టాలి. అసలు పూలు పెట్టిన రాత్రి, ఎంత అలసిపోయినా, పూలను తీసి పారెయ్యకుండా పెట్టె మూత వెయ్యకూడదు. తడి పూదండ పక్కన తెల్లవారేదాకా ఉన్న రాగిడి ఏమవుతుందో మా పక్కవాటా వాళ్ళింట్లో చూశాను.

చుట్టడానికి మా ఇంట్లో వాడేది నా పాత మల్లుపంచె. ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ అంతకన్న ఎక్కడ దొరుకుతుంది? ఒక్కో నగకు ఒక్కో ముక్క. ఒకదానికొకటి తగిలితే కొక్కేలు రాళ్ళను గీరేస్తాయి కనుక ఏ రెండు నగలూ ఒకే ముక్కలో చుట్టం. రబ్బరుబ్యాండు మాత్రం వెయ్యవద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. ఎండకి కరిగి అంటుకుంటే అదొక బాధ. నూలుదారం చాలు. తేమ పీల్చడానికి తెల్లటి గుళికల పొట్లాలు పెట్టాలి. వాటికోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు. మన మాత్రల సీసాల్లో ఉంటాయి చూడండి. ఈ హాలులో ఉన్నవాళ్ళం నెలనెలా పారేసే పొట్లాలతో జిల్లాలోని డాన్సు పిల్లలందరి నగలూ ఆరబెట్టవచ్చు. కలరాగోలీలు మాత్రం వెయ్యకండి. ఆ వాసన సవరానికి పడితే వదలదు, ఆ సవరం పిల్ల తలమీదే కదా ఉండాలి.

సవరం గురించి రెండు మాటలు. దాన్ని కొసలనుంచి పైకి దువ్వాలి. పైనుంచి మొదలుపెడితే చిక్కు బిగిసి వెంట్రుకలు ఊడివస్తాయి. నాలుగైదుసార్లు వాడాక గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూ కలిపి ముంచితీసి, పిండకుండా నీడలో వేలాడదీయాలి. నైలాను సవరానికి వేడిగాలి యంత్రం చూపిస్తే ముద్దకడుతుంది. ఒకరి సవరం, ఒకరి దువ్వెన ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇందులో మొహమాటం లేదు. పేలు గురువుగారి శిష్యులా, పరాయి శిష్యులా అని చూడవు.

పెట్టె గురించి చెబుతాను. ఖరీదైన పెట్టె కొనలేదు. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు పట్టుకెళ్ళే ప్లాస్టిక్ టూల్‌బాక్సు ఒకటి కొన్నాను. పిడి ఉంటుంది, పై అర తీసి పక్కన పెట్టవచ్చు, వానలో తడవదు. మా వర్క్‌షాపులో గోడకు చెక్క బిగించి, దానిమీద స్పానర్ల బొమ్మలు గీసి, ఏ స్పానరును ఆ బొమ్మమీదే తగిలించేవాళ్ళు. సాయంకాలం ఖాళీ బొమ్మ కనబడిందంటే స్పానరు రాలేదన్నమాట. రిజిస్టరు తెరవక్కర్లేదు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను. పెట్టె అడుగున మెత్తటి స్పాంజి షీటు పరిచి, పాపిటబిళ్ళ, సూర్యుడు, చంద్రుడు, రాగిడి, నాగరం అన్నిటి ఆకారాలూ గీసి, ఆ మేరకు కత్తిరించాను. నగను దాని గుడ్డముక్కతో సహా దాని గుంటలోనే పెట్టాలి. చీకటి గ్రీన్‌రూములో సెల్‌ఫోను వెలుగులో చూసినా ఏ గుంట ఖాళీగా ఉందో తెలుస్తుంది.

జడబిళ్ళలను మాత్రం మడవకూడదు. మా ఇంటావిడ పాత లుంగీతో పొడుగాటి గుడ్డసంచి కుట్టింది. బిళ్ళలు కుట్టిన పట్టీని అందులో పరిచి, వదులుగా చుట్టచుట్టి పెడతాం. బిళ్ళలున్న వైపు బయటికి ఉండాలి. లోపలికి ఉంటే ఒకదానిమీద ఒకటి నొక్కుకుని కుట్లు తెగుతాయి. గుడ్డపూల దండలకు మిఠాయి డబ్బా చక్కగా సరిపోతుంది.

పిన్నులకు మా ఇంట్లో పాత పోపులడబ్బా వాడుతున్నాం. ఏడు గిన్నెలు, పైన పళ్ళెం, గట్టి మూత. ఇంతకన్న మంచి పిన్నుల పెట్టెను ఏ కంపెనీ ఇంతవరకు చెయ్యలేదని నా అభిప్రాయం. ఆవాల గిన్నెలో నల్ల క్లిప్పులు, మెంతుల గిన్నెలో చిన్న యూ పిన్నులు, జీలకర్ర గిన్నెలో పెద్దవి, మిగతావాటిలో రెండు సైజుల పిన్నీసులు, నల్లదారం ఎక్కించిన సూది, విడి కొక్కేలు. మా మనవరాలు ఇప్పటికీ “తాతయ్యా, రెండు మెంతులివ్వు” అనే అడుగుతుంది.

ఇక్కడొక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మిగతా జాగ్రత్తలు తప్పితే నగ పాడవుతుంది. ఇది తప్పితే పిల్ల గాయపడుతుంది. రెండేళ్ళ క్రితం దసరా నవరాత్రుల్లో ఒక గుడి ఆవరణలో పిల్లల ప్రదర్శన జరిగింది. ఎనిమిదిమంది కలిసి ఆడుతున్నారు. ఎవరి తలలోంచో యూ పిన్ను ఒకటి జారి వేదికమీద పడింది. తరువాతి వరసలో వస్తున్న తొమ్మిదేళ్ళ పిల్ల పాదంలో దిగబడింది. నాట్యం చేసేది ఉత్త కాళ్ళతో కదా! ఆ బంగారుతల్లి ముఖంలో చిరునవ్వు చెదరకుండా, ఆ కాలితోనే తాళం తప్పకుండా తట్టి, అంశం పూర్తిచేసి తెరవెనక్కి వచ్చి కూలబడింది. పారాణి ఏదో రక్తమేదో తెలియలేదు. టిటానసు సూదిమందు వేయించారు, రెండు వారాలకు కాలు మామూలయింది. ఆ పిన్ను ఎవరిదన్నది ఈనాటికీ తేలలేదు. తేలదు కూడా, ఎందుకంటే ఆ రోజు ఎవరి తలలో ఎన్ని పిన్నులు పెట్టారో ఏ ఇంట్లోనూ లెక్క లేదు.

ఆపరేషన్ థియేటర్లలో కుట్లు వేసేముందు నర్సులు గుడ్డముక్కలూ పనిముట్లూ లెక్కపెట్టుకుంటారు. మేం ఆ పద్ధతే పాటిస్తున్నాం. మా పిల్లకు 30 నల్ల క్లిప్పులు, 24 యూ పిన్నులు, 12 పిన్నీసులు ఇష్యూ చేస్తాను. పెట్టెలో చిన్న కాగితంమీద అంకె రాస్తాను. జడ పూర్తయ్యాక డబ్బాలో మిగిలినవి లెక్కపెడితే తలలో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. వేదిక ఎక్కేముందు పిల్లను నిలబెట్టి, తలను పక్కలకు గట్టిగా ఊపమంటాం. మూడుసార్లు గెంతమంటాం. ఊడేది అక్కడే ఊడాలి. తలదిమ్మగా ఉందనో, ఏదో గుచ్చుతోందనో అంటే వెంటనే విప్పి మళ్ళీ పెడతాం. రాత్రి తీసేటప్పుడు మళ్ళీ లెక్క. ఒక్కటి తగ్గినా నేను వేదిక దగ్గరికి పోయి టార్చి వేసి వెదుకుతాను. ఇంతవరకు రెండుసార్లు దొరికాయి. నన్ను ఛాదస్తుడన్నా సరే.

తరువాత బరువు సంగతి. పెద్దవాళ్ళకు వేసే నగల సెట్టునే చిన్నపిల్లకు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. ఒకసారి అలా తెచ్చిన జడసామాను అంతా వంటింటి కాటామీద పెట్టి చూశాను. 620 గ్రాములు తూగింది. దాన్ని పదేళ్ళ పిల్ల రెండున్నర గంటలు మొయ్యాలి. అదీ కదలకుండా కాదు, తిరుగుతూ, గెంతుతూ. ప్రతి తిరుగుడుకూ జడ విసురుకు జుట్టు కుదుళ్ళు లాగుతాయి. “నానమ్మా, మెడ లాగుతోంది” అని పిల్ల అంటే, అందంగా ఉండాలంటే ఓర్చుకోవాలి తల్లీ అనే నానమ్మలు మా ఇంట్లోనూ ఉన్నారు. ఆవిడ ఇక్కడే రెండో వరసలో ఉన్నారు కాబట్టి ఇంతకన్న ఎక్కువ చెప్పను. జుట్టును గట్టిగా లాగి కట్టడం అదేపనిగా జరిగితే నుదుటి అంచున, పాపిట దగ్గర వెంట్రుకలు పల్చబడతాయని, కుదుళ్ళు దెబ్బతింటే మళ్ళీ మొలవకపోవచ్చునని డాక్టర్లు చెబుతారు. కూచిపూడివారి పాత నగలను తేలికైన బూరుగు కర్రతో చేసేవారు. మేం ఆ సెట్టు తిప్పిపంపి, తేలికరకం కొన్నాం. సవరంతో కలిపి 280 గ్రాములు. సభలో ఎవరికీ తేడా తెలియలేదు. పిల్లకు తెలిసింది.

క్లాసుకూ, రిహార్సలుకూ నగలేవీ తియ్యం. రిబ్బను, నాలుగు క్లిప్పులు చాలు. ప్రదర్శనకు ముందు ఒకేఒకసారి పూర్తి తలసామానుతో ఇంట్లో ఆడిస్తాం. ఏ కొక్కెం వదులయిందో అప్పుడే బయటపడుతుంది.

గ్రీన్‌రూములో ఇంకో తిప్పలుంది. పదిమంది పిల్లలకూ ఒకే దుకాణంలో కొన్న ఒకేరకం నగలు. ఎవరి చంద్రుడు ఎవరిదో ఆ చంద్రుడికే తెలియదు. మా నగల వెనక, కొక్కెం పక్కన ఆకుపచ్చ గోళ్ళరంగు చుక్క పెట్టాను. చుక్క రాయికి తగలకూడదు. ఇప్పుడు మా క్లాసులో ప్రతి పిల్లకూ ఒక రంగు ఉంది. గోళ్ళరంగులు ఎనిమిదయ్యేసరికి అయిపోయాయి. తొమ్మిదో పిల్లకు రెండు చుక్కలు పెట్టాం.

తీసే వరస పెట్టిన వరసకు తలకిందులు. ముందు మాటీలు, తరువాత చంద్రుడు, సూర్యుడు, పాపిటబిళ్ళ, పూలు, రాగిడి, కుచ్చులు, బిళ్ళలు, నాగరం, చిట్టచివర సవరం. మీ గురువుగారి పద్ధతి వేరైతే ఆ వరసే పాటించండి. దానికి తగ్గట్టు అంకెలు మార్చుకోండి. అయితే రాత్రి పదకొండింటికి ఆకలితో తూలుతున్న పిల్ల తలలోంచి నగలు లాగడం మొదలుపెట్టకండి. ముందు పెరుగన్నం పెట్టండి. తింటూ ఉండగా వెనక నుంచి మెల్లగా విప్పవచ్చు. జుట్టు చిక్కుకున్న కొక్కేన్ని లాగితే కొక్కెమూ పోతుంది, జుట్టూ పోతుంది. వేలికి ఒక చుక్క కొబ్బరినూనె రాసి జార్చాలి. ఆ నూనె రాయికి అంటకూడదు.

ఏటా మార్చి 31న స్టాకు తనిఖీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కొక్కెం పోయినవి, రాళ్ళు రాలినవి, జత తప్పినవి విడిగా తీసి, బాగుచేయించేవి బాగుచేయిస్తాం. పనికిరానివాటిని కండెమ్ చేస్తాం. కండెమ్ అయిన నగల్లోంచి రాళ్ళు, కొక్కేలు తీసి పోపులడబ్బాలో వేస్తాం. ఒక సూర్యుడి రాళ్ళు నాలుగు నగలకు పనికొచ్చాయి.

మొదటి ఏడాది పట్టిక నేనే చదివి, నగలు నేనే అందించేవాణ్ణి. రెండో ఏడాది నేను చదువుతుంటే పిల్ల అందించేది. ఇప్పుడు తనే చదువుతుంది, తనే టిక్కు పెడుతుంది, పెట్టె తాళం తన దగ్గరే. నాకు మిగిలింది పెట్టె మొయ్యడం, కింద సంతకం పెట్టడం. మొన్న ఉగాది ప్రోగ్రాం రాత్రి ఇంటికొచ్చాక నేను కుర్చీలో కునుకుతీస్తుంటే తట్టిలేపి, “తాతయ్యా, క్లిప్పులు 29 ఉన్నాయి, నువ్వింకా సంతకం పెట్టకు” అంది. ముప్పయ్యోది వాళ్ళ నానమ్మ పైటకొంగుకు దొరికింది.

మా పెట్టె మూతకు అంటించిన పట్టికను జెరాక్సు తీయించి నలభై ప్రతులు తెచ్చాను. లైఫ్ సర్టిఫికెట్ ఫారాలు ఇస్తున్న బల్లమీదే, ఎడమపక్కన ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్కటే తీసుకోండి. లోపల విస్తళ్ళు వేశారని కార్యదర్శిగారు చేత్తో సైగ చేస్తున్నారు.